పద్దెనిమిది రంజాన్ల హిసాబ్



ఈద్ వెళ్ళి ఇంకా రెండు వారాలు కాలేదు. మన నర్సీపట్నం వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. మెటాలికా అని ఒక షైతానీ బ్యాండ్ ఉందట, రంజాన్ నెల చూసి మరీ కొత్త ఆల్బమ్ వదిలిందట, అట్ట మీద కాలిపోయిన పసిపిల్లల తొట్టి బొమ్మ పెట్టి మన బచ్చాల మీద జాదూ చేస్తోందట. కాబట్టి తల్లిదండ్రులు వెంటనే పిల్లల ఫోన్లు లాక్కోవాలట. మాట్లాడినాయన ఎవరో నాకు తెలీదు. తెలిసినా పేరు రాయను. కానీ జవాబ్ మాత్రం రాస్తాను. ఎందుకంటే ఆ ఆడియో విని మా గల్లీలో ఒక భాయ్ చేసిన పని నా కళ్ళతో చూశాను.

ఆ ఆల్బమ్ వచ్చింది ఏప్రిల్ 14న. ఆరోజు జుమా, మనకు 22వ రోజా. రాత్రి తరావీహ్ అయ్యాక ఆ భాయ్ కొడుకు మేడ మీద కూర్చుని చెవుల్లో పెట్టుకుని వింటున్నాడు. పిల్లాడికి పదిహేడేళ్ళు, ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాసి ఉన్నాడు. ఆ రాత్రి తాఖ్ రాత్, 23వ రాత్రి. "ఈ రాత్రి కూడా ఇదేనారా" అని తండ్రికి గుస్సా రావడం నాకు అర్థమవుతుంది. అప్పటికి రెండు తిట్లు తిట్టి ఊరుకున్నాడు. మొన్న ఈ ఆడియో వచ్చాక మాత్రం ఇయర్‌ఫోన్లు తెంపి, ఫోన్ గోడకేసి కొట్టాడు. పిల్లాడు ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరితోనూ అనడం లేదు. వాళ్ళమ్మీ మా ఇంటికొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "గొడవ పడినా బాగుండేది భాయ్‌జాన్, ఈ ఖామోషీ చూస్తే భయమేస్తోంది" అంది.

అందుకే రాస్తున్నాను.

మన ఊరి పేరుతో మెయిన్ లైన్ మీద ఒక రైల్వే స్టేషన్ ఉంది కదా, నర్సీపట్నం రోడ్. కొత్తవాళ్ళు పేరు చూసి దిగుతారు. దిగాక తెలుస్తుంది, ఊరు ఇంకా ఎక్కడో ఉందని. ఆడియోలో మాట్లాడినాయన కూడా ఆల్బమ్ అట్ట దగ్గర దిగిపోయాడు. లోపల ఏముందో కనుక్కోలేదు. నేను విన్నాను. పాతికేళ్ళ కిందట విశాఖ హాస్టల్లో ఒక దోస్త్ ఇచ్చిన క్యాసెట్ దగ్గర్నుంచీ వీళ్ళని వింటున్నవాణ్ణి. కాబట్టి లోపల ఏముందో చెబుతాను.

మెటాలికా 1981లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన బ్యాండ్. 2023లో వాళ్ళంతా అరవైకి అటూ ఇటూగా ఉన్నారు. ఇది వాళ్ళ 11వ స్టూడియో ఆల్బమ్, 12 పాటలు, 77 నిమిషాలు. పేరు '72 సీజన్స్'. సీజన్ అంటే రుతువు. వాళ్ళ లెక్కలో ఏడాదికి నాలుగు. నాలుగు పద్దెనిమిదులు డెబ్బై రెండు. అంటే మనిషి బతుకులో మొదటి పద్దెనిమిదేళ్ళు. పాటలు రాసి పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ చెప్పేది ఇదీ: ఆ పద్దెనిమిదేళ్ళలో అమ్మానాన్నలు నువ్వెవరివో నీకు చెబుతారు, తర్వాత పెద్దయ్యాక నువ్వు చేసే చాలా పనులు ఆ బచ్పన్‌నే మళ్ళీ మళ్ళీ ఆడటం, లేదా దాని మీద తిరగబడటం. అట్ట మీద ఆ కాలిన తొట్టి అందుకే ఉంది. అది జాదూ కాదు సాబ్, ఒక మనిషి బచ్పన్.

ఆయన బచ్పన్ ఎలాంటిదో కూడా వినండి. 1963లో పుట్టాడు. తండ్రి లారీల పని చేసేవాడు. పిల్లాడికి పదమూడేళ్ళప్పుడు ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. తల్లిదండ్రులు క్రిస్టియన్ సైన్స్ అనే మతశాఖకు చెందినవాళ్ళు. జబ్బుకు దవా వద్దు, దువా చాలు అనే నమ్మకం. తల్లికి క్యాన్సర్ వచ్చింది. వైద్యం చేయించుకోలేదు. 1980లో చనిపోయింది. అప్పటికి కొడుక్కి పదహారు. ఆ పిల్లాడు గిటార్ పట్టుకున్నాడు, తర్వాత సీసా పట్టుకున్నాడు. మందు మానడానికి 2001లో ఒకసారి చికిత్సా కేంద్రంలో చేరాడు. మళ్ళీ 2019లో చేరాల్సి వచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన మనిషి, కోట్ల రూపాయలు ఉన్న మనిషి, దాదాపు అరవై ఏళ్ళ వయసులో కూర్చుని తన మొదటి పద్దెనిమిదేళ్ళ గురించి 77 నిమిషాలు అరుస్తున్నాడు. దీన్ని మీరు షైతాన్ అరుపు అంటున్నారు. నాకు ఒక కొడుకు షికాయత్ వినిపిస్తోంది.

మన లెక్క రుతువుల్లో ఉండదు. మన లెక్క రంజాన్లలో ఉంటుంది. బిడ్డ పుట్టినప్పట్నుంచి పద్దెనిమిది నిండేలోపు పద్దెనిమిది రంజాన్లు వస్తాయి, చంద్రుడి లెక్క కాబట్టి ఒక్కోసారి పంతొమ్మిది. అందులో మొదటి ఆరేడు వాడికి సరిగ్గా గుర్తుండవు. మిగిలేది పది, పన్నెండు. ఇప్పుడు ఎవరి గుండె మీద వాళ్ళు చెయ్యేసుకుని హిసాబ్ చెప్పండి. ఆ పన్నెండు రంజాన్లలో ఎన్ని సాయంత్రాలు కొడుకు పక్కన కూర్చుని ఖజూర్ తిన్నారు? రంజాన్ వ్యాపారం ముఖ్యమని కొట్టు కౌంటర్ దగ్గరే నిలబడి నీళ్ళు తాగి రోజా ఇడిచిన సాయంత్రాలు ఎన్ని? నేను ఇతరుల్ని అడగడం లేదు, నన్ను నేనూ అడుగుతున్నాను. నా హిసాబ్ కూడా బాలేదు.

తర్బియత్ అనే మాట మన బయాన్లలో తరచూ వింటాం. ఇంటికొచ్చేసరికి అది తనిఖీగా మారిపోతుంది. ఫోన్ చూడు, జేబు చూడు, జుట్టు చూడు, మార్కులు చూడు. పిల్లాడి మొహం మాత్రం చూడం. అఖ్రా ఇబ్న్ హాబిస్ అనే సహాబీ, తనకు పది మంది పిల్లలున్నా ఒక్కర్నీ ముద్దు పెట్టుకోలేదని చెప్పినప్పుడు హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం దాన్ని మెచ్చుకోలేదు. రహమ్ గురించి గట్టిగా చెప్పారు. ఆ హదీస్ మనందరికీ కంఠస్థం. దాన్ని ఇంట్లో ఎంతమందిమి అమలు చేస్తున్నాం?

ఆడియోలో ఒక పాట పేరు ఎత్తి, "చూడండి, ఖుద్‌కుషీ చేసుకోమని చెబుతున్నారు" అన్నాడాయన. ఇది సరాసరి అబద్ధం. ఆ పాట పేరులో ఖుద్‌కుషీ అనే మాట ఉంది, నిజమే. కానీ దాని గురించి ఎవరూ నోరు విప్పకపోవడం మీద రాసిన పాట అది. లోపల చీకటి అందరికీ ఉంటుంది, దాన్ని బయటికి చెప్పుకునే వీలుండాలి అని ఆయనే వివరించాడు. మనమేం చేస్తున్నాం? ఖుద్‌కుషీ హరామ్ అని ఒక్క మాటతో తలుపేసేస్తున్నాం. హరామే, అందులో నాకు షక్ లేదు. కానీ ఆ ఆలోచన వచ్చిన పిల్లాడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఏప్రిల్ 26న మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలొచ్చాయి. తర్వాతి రెండు రోజుల పేపర్లు తీసి చూడండి. తప్పిన పిల్లలు, మార్కులు తగ్గిన పిల్లలు ప్రాణాలు తీసుకున్న ఖబర్లు ఒకదాని వెనక ఒకటి. వాళ్ళలో ఎవరైనా మెటాలికా విన్నారో లేదో నాకు తెలీదు. వాళ్ళ మాట వినే మనిషి ఆ రాత్రి పక్కన లేడు, ఆ దర్ద్ మాత్రం నన్ను వదలడం లేదు. మా గల్లీ పిల్లాడి ఖామోషీ చూసి వాళ్ళమ్మీ భయపడిందంటే ఆ భయంలో అర్థముంది. మీ ఇంట్లో అలాంటి ఖామోషీ ఉంటే షర్మిందగీ పడకండి. 14416కి ఫోన్ చేయండి. సర్కారు నడిపే టెలి మానస్ అది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబర్‌ని కూడా ఆ ఆడియో అంత జోరుగా ఫార్వర్డ్ చేయండి.

"మరి సంగీతం హలాలా హరామా చెప్పు" అని నన్ను నిలదీసేవాళ్ళు ఉంటారు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. ఈ మసలాలో ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ వెయ్యేళ్ళ నాటిది. ఇమామ్ గజాలీ సమా మీద ఏకంగా ఒక అధ్యాయం రాశారు. ఇబ్న్ హజ్మ్ అనుమతి వైపు నిలబడ్డారు. మన హనఫీ ఉలమాలో ఎక్కువమంది వాయిద్యాలు జాయెజ్ కాదంటారు. మీ ఇంట్లో వద్దనుకుంటే వద్దని చెప్పే హక్ మీకుంది. చెప్పండి, దలీల్‌తో, ప్రేమతో చెప్పండి. తాఖ్ రాత్‌లో ఇబాదత్ చేయమని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. కానీ హరామ్ అని చెప్పడానికి అబద్ధం కలపాల్సిన పనిలేదు. ఫోన్ గోడకేసి కొట్టడానికి ఏ ఇమామూ దలీల్ ఇవ్వలేదు.

ఇంకో మాట. మన ఊరు ఏజెన్సీకి గుమ్మం. చింతపల్లి కొండల నుంచి దిగే గంజాయి ఏ దారిన పోతుందో ఇక్కడ చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. బైకు, కొంత డబ్బు ఆశ చూపించి కాలేజీ కుర్రాళ్ళని ఆ రవాణాలోకి దించడం, వాళ్ళు చెక్‌పోస్టు దగ్గర దొరికి జైలుకెళ్ళడం మనం చూస్తూనే ఉన్నాం. దాని మీద ఏ ఆడియో తిరగదు. ఎందుకంటే దానికి ధైర్యం కావాలి. ఎక్కడో అమెరికాలో గిటార్ వాయించే ముసలాళ్ళని తిట్టడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు.

నేను వాళ్ళ వకీల్ని కాను. ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే ఇది కూడా చెప్పాలి. 2003లో ఇరాక్‌లో అమెరికా సైన్యం మన ఇరాకీ ఖైదీల్ని నిద్రపోనివ్వకుండా, మనసు విరిగేలా గంటలకొద్దీ పెద్ద శబ్దంతో పాటలు వేసింది. అందులో మెటాలికా పాటలున్నాయి. ఆ జుల్మ్ వాళ్ళు చేసింది కాదు. కానీ మరుసటి ఏడాది ఒక రేడియో ఇంటర్వ్యూలో హెట్‌ఫీల్డ్‌ని దాని గురించి అడిగితే ఖండించలేదు, తేలిగ్గా మాట్లాడాడు. ఆ సంగతి చదివాక కొన్నేళ్ళు నేను వాళ్ళని వినలేకపోయాను. ఇప్పటికీ అది నా గొంతులో ముల్లే. తన దర్ద్ గురించి ఇంత రాసిన మనిషికి ఆ ఖైదీ దర్ద్ ఎందుకు కనబడలేదు? ఆడియోలో సాబ్ ఈ సవాల్ వేసి ఉంటే నేను వెంటనే ఆయన పక్కన నిలబడేవాణ్ణి. ఆయన అట్ట మీద బొమ్మ చూసి భయపడ్డాడు, నిజంగా అడగాల్సింది అడగలేదు.

ఆల్బమ్ సంగతికొస్తే, అన్ని పాటలూ గొప్పవి కావు. 77 నిమిషాలు ఎక్కువే. ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోవాల్సిన మెహమాన్లు ఇంకా కూర్చున్నట్టు మధ్యలో కొన్ని పాటలు సాగుతాయి. చివరి పాట ఒక్కటే పదకొండు నిమిషాలకు పైన. కానీ ఆ చివరి పాటలో, తన గమ్‌నే మాషూకాలా ప్రేమించడం మొదలుపెట్టిన మనిషి, దాన్నుంచి బయటపడటానికి తంటాలు పడతాడు. మనలో ఎంతమంది మగవాళ్ళు అలా లేరు? మా అబ్బా ఉండేవారు. ఆయన అబ్బా ఆయన్ని కొట్టేవాడు. ఆయన నన్ను కొట్టలేదు, మాట్లాడడం మానేసేవారు. నేను నా కొడుకు మీద అరుస్తాను. తరం తరానికి చెయ్యి మారింది గానీ దెబ్బ అదే.

ఇక బేటా, నువ్వు ఇది చదువుతావని నాకు తెలుసు. నీకూ ఒక మాట. నీ పాటలోని మనిషి నలభై ఏళ్ళు లక్షల మంది ముందు అరిచాడు. అయినా చివరికి నలుగురు కూర్చున్న గదిలో నోరు విప్పి మాట్లాడితే తప్ప మందు మానలేకపోయాడు. నువ్వు అన్ని ఏళ్ళు ఆగొద్దు. మీ అబ్బా తప్పు చేశాడు. ఆయన షరాబీ కాదు, ఇల్లొదిలి పోలేదు, నీ ఫీజు కోసం తన బండి అమ్ముకున్నాడు. ఆయనకు కోపం చూపించడం ఒక్కటే నేర్పారు. అమ్మీతో ముందు మాట్లాడు. లేదంటే మా ఇంటి తలుపు తట్టు, ఎంత రాత్రయినా సరే.

భాయ్, ఇది నీకు. కొత్త ఇయర్‌ఫోన్లు కొనివ్వమని నేను అనను. ఈ జుమా నమాజ్ అయ్యాక ఇద్దరూ కలిసి నడిచి ఇంటికి రండి. దారిలో వాణ్ణి ఒకటే అడుగు: "ఆ పాటలో ఏముందిరా?" తర్వాత నువ్వు ఖామోష్‌గా ఉండు. వాడు వెంటనే చెప్పకపోవచ్చు. మళ్ళీ జుమాకి మళ్ళీ అడుగు. వాడికి పద్దెనిమిది నిండటానికి ఇంకా ఒక రంజాన్ మిగిలి ఉంది.