జుట్టు రాలితే తప్పు బిళ్ళదేనా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే చేపల వేలం మొదలవుతుంది. అక్కడి ఆడవాళ్ళ చేతులు గంటల తరబడి ఐసులో, ఉప్పునీళ్ళలో నానుతూ ఉంటాయి. చర్మం పొడిబారినా, పగిలినా "పని అలాంటిది" అని సరిపెట్టుకుంటారు. నిజమే, పనివల్ల కూడా పగులుతుంది. కానీ ఒక్కోసారి ఆ పగుళ్ళ వెనక థైరాయిడ్ లోపం దాక్కుని ఉంటుంది.

జబ్బు బయటపడనంతకాలం నింద పనిమీద. బిళ్ళ మొదలుపెట్టగానే నింద బిళ్ళమీద! "ఇది ఏసుకున్నకాణ్ణుంచి జుట్టు ఊడిపోతంది, మానేసినానమ్మా" అంది మా వీధికి చేపల తట్ట తెచ్చే ఆమె. ఆమె దాకా ఎందుకు, అపార్ట్‌మెంట్లలో ఉండే చదువుకున్నవాళ్ళూ ఇదే అంటున్నారు, ఇదే చేస్తున్నారు. ఈ నిందలో నిజమెంత?

సముద్రం పక్కనే ఉండి, చేపలు తినేవాళ్ళకి థైరాయిడ్ ఏమిటని అనుమానం రావచ్చు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్ళని చేర్చుకున్న అధ్యయనం 2013లో వెలువడింది. మొత్తంమీద సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉంది. ఆడవాళ్ళలోనైతే దాదాపు 16 శాతం, మగవాళ్ళలో 5 శాతం. సముద్రతీర నగరాల్లో కొంచెం తక్కువే గానీ, లేకపోలేదు. ఎందుకంటే చాలామందిలో ఇది అయోడిన్ చాలక వచ్చేది కాదు. ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరబడి థైరాయిడ్ గ్రంథిమీద దాడి చేయడంవల్ల వస్తుంది. ఎన్ని చేపలు తిన్నా అది ఆగదు.

ఇంతకీ ఆ బిళ్ళలో ఉండేదేమిటి? లెవోథైరాక్సిన్. మన గ్రంథి తయారుచేసే టి4 హార్మోనే అది. కాబట్టి దానికే ఒళ్ళు ఎదురుతిరగడం చాలా అరుదు. మరి ఈ జుట్టు, ఈ దురద ఎక్కడివి?

మొదటి అనుమానం జబ్బుమీదే ఉండాలి. చర్మం గరుకుబారడం, ముఖం ఉబ్బడం, జుట్టు పలచబడటం, కనుబొమల చివర్లు ఊడటం థైరాయిడ్ లోపం లక్షణాలే. 1878లో ఈ జబ్బుకి పెట్టిన 'మిక్సిడీమా' అన్న పేరే చర్మం ఉబ్బునిబట్టి వచ్చింది. బిళ్ళ మొదలుపెట్టిన తొలి నెలల్లో జుట్టు మరికాస్త రాలవచ్చు. అది సాధారణంగా తాత్కాలికమే. కొత్త జుట్టు రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే మన ఓపిక అయిపోతుంది!

రెండోది మోతాదు. ఎక్కువైతే చెమటలు, గుండెదడ, చేతుల వణుకుతోపాటు జుట్టూ రాలుతుంది. తక్కువైతే పాత లక్షణాలు పోవు. ఏది జరుగుతోందో టి.ఎస్.హెచ్. పరీక్షే చెప్పాలి. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ చేయించాలి.

మూడోది బిళ్ళలో కలిపే రంగులు, పిండిలాంటి పదార్థాలు. కొందరికి వీటివల్ల దద్దుర్లు వస్తాయి. అప్పుడు డాక్టరుతో చెప్పి కంపెనీ మార్చుకోవచ్చు, రంగులేని బిళ్ళ అడగవచ్చు. అయితే గ్రంథిమీద దాడి చేసే ఆ రోగనిరోధక లోపం ఉన్నవాళ్ళలో దద్దుర్లు విడిగా కూడా కనిపిస్తుంటాయి. అంటే దద్దురు వచ్చిందని బిళ్ళని దోషిగా తేల్చేయలేం. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

మరో తికమక కూడా ఉంది. థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళకి ఇచ్చే కార్బిమజోల్ వేరే మందు. దానివల్ల దురద, దద్దుర్లు రావడం ఉన్నదే. అది వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే వెంటనే డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించుకోవాలి. పక్కింటావిడకి జరిగింది మీకూ జరుగుతుందనుకునే ముందు, ఆవిడ వాడేది ఏ మందో కనుక్కోండి.

చెప్పాపెట్టకుండా బిళ్ళ మానేస్తే జుట్టు నిలవకపోగా నీరసం, ఉబ్బు తిరిగి వస్తాయి. కొలెస్ట్రాల్ పెరుగుతుంది. గర్భిణులు మానేస్తే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకే ముప్పు.

మానేసే ఆడవాళ్ళని తప్పుపడితే సరిపోదు. పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలని చీటీమీద రాస్తారు. తెల్లవారుజామున టీ గొంతులో పోసుకుని వేలానికి పరుగెత్తే మనిషికి ఆ గంట ఎక్కడిది? రాత్రి భోజనమయ్యాక మూడు గంటలాగి వేసుకునే వీలు కూడా ఉందని, ఐరన్, కాల్షియం బిళ్ళలకి నాలుగు గంటల ఎడం కావాలని చెప్పేవాళ్ళేరీ? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. చేతిలో డబ్బు ఆడని ఆ రెండు నెలల్లో ముందుగా కోతపడేది ఇంటావిడ మందులకే. లెవోథైరాక్సిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది, ధరమీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. ధర తగ్గించినంత మాత్రాన పని అయిపోదు. "కొన్నాళ్ళు జుట్టు రాలవచ్చు, భయపడకమ్మా" అని మందుల చీటీ ఇచ్చేరోజునే ఒక్క మాట చెప్పాలి. దానికి ఖర్చేమీ కాదు.

ఆ మాట వాళ్ళు చెప్పకపోతే మనమే అడుగుదాం. బిళ్ళ ఆపాలో, మార్చాలో, మోతాదు తగ్గించాలో తేల్చవలసింది దువ్వెనలోని జుట్టు కాదు, రక్తపరీక్ష కాగితం.