షజ్రాలో లేని ఆడబిడ్డ

మా ఇంటి దీవాన్‌ఖానాలో గోడకు ఒక షజ్రా ఉంది. మా దాదా మర్హూమ్ తన చేత్తో ఉర్దూలో రాసి, ఫ్రేము కట్టించి పెట్టారు. మొత్తం ఏడు తరాలు. అన్నిటికన్నా పైన ఒక బుజుర్గ్ పేరు. ఆయన అరబ్బు దేశం నుంచి వచ్చారని మా ఖాందాన్ రివాయత్. చిన్నప్పటి నుంచీ ఆ కాగితాన్ని చూసి ఫఖ్ర్ పడినవాణ్ణే నేను. పోయిన చలికాలంలో మాత్రం దాని ముందు నిలబడి సిగ్గుపడ్డాను.

డర్బన్ నుంచి ఒక ఖాలా మా ఇంటికి వచ్చారు. అరవై దాటిన మనిషి. తెలుగు రాదు, ఉర్దూ రెండు ముక్కలు, మిగతాదంతా ఇంగ్లీషే. చేతిలో ఒక జిరాక్స్ కాగితం. 1880ల్లో మద్రాసు నుంచి నాటాల్‌కు వెళ్ళిన ఓడ రిజిస్టరులోని పేజీ అది. కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం అన్న గడిలో ముసల్మాన్, జిల్లా ఉత్తర ఆర్కాటు, తాలూకా పలమనేరు, ఊరు మాదే. ఒంటి మీద గుర్తు: ఎడమ చెంపన మచ్చ. ఆ వరుసలో ఉన్నది మగమనిషి కాదు, ఇరవై రెండేళ్ళ ఆడమనిషి. కింది వరుసలో ఇంకో నంబరు, రెండేళ్ళ ఆమె కొడుకు.

"ఈ పేరు మీ పెద్దల నోట ఎప్పుడైనా విన్నావా బేటా?" అని అడిగారు ఖాలా.

ఆమె తండ్రి పేరు మా షజ్రాలో నాలుగో మెట్టు మీద ఉంది. ఆయనా, లేక అదే పేరున్న ఇంకొకరా? తేలాలంటే ఆయన కూతుళ్ళ పేర్లు కావాలి. మా షజ్రాలో ఆయన కింద నలుగురు కొడుకులున్నారు. కూతురు ఒక్కరూ లేరు. వెతికితే ఏడు తరాల్లో ఒక్క ఆడపేరు కూడా లేదు. అన్నేళ్ళు చూశాను గానీ ఈ సంగతి నా కంటికి ఆనలేదు. మా చచ్చా గొంతు సవరించుకుని, "మన ఖాందాన్ ఆడవాళ్ళు ఓడలెక్కి కూలికి పోలేదమ్మా" అన్నారు. ఖాలా ఏమీ అనలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నారు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. చదవడం మొదలుపెట్టాను.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అక్కడి నుంచి 1911 వరకు నాటాల్ చెరకు తోటలకు, రైల్వేకు, బొగ్గు గనులకు వెళ్ళినవారు 1,52,184 మంది. ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళే. వాళ్ళలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు చాలామంది. మన ముసల్మాన్లూ ఉన్నారు. డర్బన్‌లో ఇవాళ్టికీ ఉర్సు జరిగే బాద్షా పీర్ కూడా ఇలా మద్రాసు నుంచి వచ్చిన గిర్మిట్ కూలీయేనని అక్కడివారి రివాయత్. అగ్రిమెంటు అన్న మాటే మన నోళ్ళలో గిర్మిట్ అయింది. తొలి రోజుల్లో జీతం నెలకు పది షిల్లింగులు. 1876–78 కరువు తర్వాత మన సీమలో తిండి లేక ఓడెక్కినవాళ్ళకు అదే పెద్ద మొత్తం.

అదే నాటాల్‌కు వచ్చిన ఇంగ్లీషు కుటుంబాలను 'పయనీర్లు' అంటారు. 1824 నుంచి 1857 వరకు వచ్చిన వాళ్ళ వివరాలు ఇంటింటికీ రాసి, సంపుటాలుగా పుస్తకాలు వేశారు. మనవాళ్ళకు మిగిలింది నంబరు. అది జులూల నేల కాబట్టి పయనీర్ అన్న మాట ఎవరికైనా జాగ్రత్తగానే వాడాలి. కానీ ఆ తోటలను చెమటతో నిలబెట్టినవాళ్ళకు కూలీ అన్న ఒక్క మాట చాలదు.

ఇప్పుడు నా అసలు మాట. ఆ రిజిస్టరు రాసింది దయతో కాదు. పారిపోతే పట్టుకోవడానికి మచ్చలు రాసుకున్నారు, సరుకుకు వేసినట్టు నంబరు వేశారు. అంత జాలిమ్ దఫ్తర్ కూడా ఆమె పేరు రాసింది, ఆమె తండ్రి పేరు రాసింది, ఊరు రాసింది. ప్రేమతో, ఇజ్జత్‌తో రాసుకున్న మన షజ్రా ఆమెను వదిలేసింది. మన దీన్‌లో నసబ్ తెలుసుకోమన్నది సిలా రహ్మీ కోసం, రిష్తాలు కలుపుకోవడానికి. మనం దాన్ని గొప్ప చెప్పుకోవడానికి వాడుకుంటున్నాం. అరబ్బు నుంచి, బుఖారా నుంచి వచ్చిన తాతలు అందరికీ కావాలి. కరువులో బిడ్డను చంకన వేసుకుని ఓడెక్కిన ఫుప్పూ ఎవరికీ అక్కర్లేదు. అందులో షరమ్ పడాల్సింది ఏముంది? బిడ్డను బతికించుకుంది.

అక్కడివాళ్ళ వెతుకులాటకు ఒక కొస అక్కడి ఆర్కైవ్స్‌లో ఉంది. రెండో కొస మన దగ్గరే ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అందుకే పాత కాగితాల్లో ఉత్తర ఆర్కాటు అని ఉంటే అది మన పక్క ఊరే కావచ్చు. దస్తగిరి, మస్తాన్, కాసింబీ లాంటి పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినపడ్డట్టు రాశారు. అలాంటి పేరును చదివి పట్టుకోగలిగేది మనమే. ఖాజీల దగ్గర నికాహ్ రిజిస్టర్లున్నాయి, కబ్రస్తాన్లలో రాళ్ళున్నాయి. వాటన్నిటికన్నా ముందు వెళ్ళిపోయేది పెద్దల యాద్.

ఆ ఖాలా మా ఇంటి మనిషి అవునో కాదో ఇప్పటికీ తేలలేదు. ఫోనులో మాత్రం మాట్లాడుకుంటున్నాం. దాదా రాసిన షజ్రాను నేను దిద్దలేదు, అది ఆయన అమానత్. ఒక నోట్‌బుక్ కొని నాకు తెలిసిన ఆడపేర్లన్నీ రాయడం మొదలుపెట్టాను: దాదీ, నానీ, వాళ్ళ అమ్మలు, అక్కచెల్లెళ్ళు. పదకొండు దాటడానికే వారం పట్టింది. దాదీ అమ్మ పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

మీ ఇంట్లో ఎనభై దాటిన ఫుప్పూ గానీ నానీ గానీ ఉంటే, ఈ జుమా నమాజ్ తర్వాత వెళ్ళి పక్కన కూర్చోండి. వాళ్ళ అమ్మ పేరు అడగండి. ఆమె అక్కచెల్లెళ్ళ పేర్లు అడగండి. ఊరు వదిలి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడగండి. అన్నీ రాసి పెట్టుకోండి. రేపు ఎవరైనా ఒక కాగితం పట్టుకుని మీ తలుపు తట్టితే, నాలా నిలబడిపోకూడదు.