ఊరడుగుతున్నరా, వాడడుగుతున్నరా?

మీ నాయన ఏం చేస్తడు? ఊర్లో మీ ఇల్లు ఎక్కడ? ఇంటిపేరేమిటి?

ఇవి హన్మకొండలో కిరాయి ఇంటికి పోతే ఓనరు అడిగే ప్రశ్నలు కావు. (అక్కడ కూడా ఇవే అనుకోండి.) నా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక ఆడపిల్లను మొన్న హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కాలేజీ వాళ్లు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు. ఆ పిల్ల పోయింది ఫిజీషియన్ అసిస్టెంట్ అనే డిగ్రీ కోర్సులో సీటు కోసం. ఇంటర్‌లో బైపీసీ, మంచి మార్కులు. లోపలికి పోయి బయటికి రావడానికి పట్టింది నాలుగు నిమిషాలు. బయట బెంచీ మీద గడియారం చూసుకుంటూ కూచున్నవాణ్ణి నేనే.

ఫిజీషియన్ అసిస్టెంట్ అంటే మన వాడల్లో చాలామందికి తెలియదు. కాంపౌండర్ కాదు, నర్సు కాదు, డాక్టరూ కాదు. డాక్టరు అజమాయిషీ కింద రోగిని పరీక్ష చేయడం, జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎట్లా పెరిగింది అని అడిగి రాసుకోవడం, ఆ సంగతంతా డాక్టరు ముందు పెట్టడం, ఆపరేషన్లో చేయి సాయం పట్టడం, ఇంటికి పంపేటప్పుడు కాగితాలు రాయడం - ఇదీ పని. మన దేశంలో ఈ చదువును 1992లో మద్రాసులో గుండె ఆపరేషన్ల డాక్టరు కె.ఎం. చెరియన్ మొదలుపెట్టారు. 2021లో పార్లమెంటు అలైడ్ హెల్త్ వృత్తులకు ఒక చట్టం చేసింది. ఆ జాబితాలో ఈ కొలువు పేరు కూడా ఎక్కింది. అంటే రేపు పెద్దాసుపత్రుల్లో ఈ ఉద్యోగాలు పెరుగుతాయి. పెరిగేచోట మన పిల్లలు ఉండాలా వద్దా అన్నదే నా బాధ.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం రాయడానికి నాకు అర్హత లేదు.

ఆ పిల్లది వర్ధన్నపేట అవతల ఒక ఊరి మాదిగవాడ. తండ్రి కూలి. తల్లి వరంగల్లో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు కింద వార్డులు ఊడుస్తుంది. ఇంటర్వ్యూకు వారం ముందు నుంచి రోజూ సాయంత్రం వాళ్ల ఇంటికి పోయి తయారుచేశాను. ఇంగ్లీషులో నీ గురించి చెప్పు అంటే ఏం చెప్పాలె, ఎట్లా కూచోవాలె, ఎక్కడ థాంక్యూ అనాలె, అన్నీ. చివరి రోజు అన్నాను: "బిడ్డా, నాయన ఏం చేస్తడంటే వ్యవసాయం అను. అమ్మ ఏం చేస్తదంటే హౌస్‌వైఫ్ అను. ఊడ్చే పని సంగతి ఎత్తకు." గడప మీద కూచొని బియ్యం ఏరుతున్న తల్లి ఆ మాట విన్నది. "ఆ మాట చెప్తే సీటు రాదా సారూ?" అని ఒక్కమాట అడిగి, చాట తీసుకొని లోపలికి పోయింది. నేను జవాబు చెప్పలేదు.

నాకు ఈ దాచుడు కొత్త కాదు. డిగ్రీ చదవడానికి హన్మకొండ వచ్చిన కొత్తల రూములో వాళ్లకు మా నాయన మేస్త్రీ అని చెప్పిన. మా నాయన చెప్పులు కుట్టేవాడు, డప్పు కొట్టేవాడు. ఒకనాడు ఆయన సద్ది పట్టుకొని రూముకు వస్తే మా ఊరాయన అని పరిచయం చేసిన. ఇరవై ఏళ్లు దాటింది. అంబేద్కర్ జయంతి నాడు మైకు పట్టుకొని ఆత్మగౌరవం గురించి గంట మాట్లాడతాను గాని, పిల్లను ఇంటర్వ్యూకు పంపేటప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఆ పాత మాటే.

తిరుగు ప్రయాణంలో ఉప్పల్ దాటినంక ఆ పిల్ల నోరు విప్పింది. హాబీలేమిటని అడిగిన్రట. (కూలి చేసే ఇంటి పిల్లకు సెలవుల్లో పత్తి ఏరుడే హాబీ.) చుట్టాల్లో డాక్టర్లున్నరా అని అడిగిన్రట. ఆ తర్వాత అడిగిన్రట - ఆసుపత్రిల ఎన్నడన్న పనిచేసిన అనుభవం ఉన్నదా అని.

"లేదన్న సార్. అమ్మ సంగతి చెప్పొద్దన్నరు గద."

ఇంటర్ రెండేండ్లు ఆ పిల్ల కాలేజీ విడిచినంక తల్లి డ్యూటీ అయ్యేదాకా ఆ వార్డుల్లోనే కూచొని చదువుకున్నది. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చినోళ్లకు ఎక్స్‌రే గది ఎక్కడో చూపించింది. చదువురాని ముసలోళ్లకు చీటీ చదివి, ఏ గోలి పొద్దున, ఏ గోలి రాత్రి అని చెప్పింది. దమ్ము వచ్చేటోణ్ణి పండబెట్టొద్దు, కూచోబెట్టాలని డాక్టరు చెప్తుంటే విని నేర్చుకున్నది. లోపల కూచున్నవాళ్లు అడగాల్సిన అసలైన ప్రశ్న ఒక్కటంటే ఒక్కటి అడిగిన్రు. దానికి జవాబు ఆ పిల్ల దగ్గర ఉన్నంత ఇంకెవరి దగ్గరా ఉండి ఉండదు. ఆ నోరు మూసింది నేను.

జాబితా పెట్టారు. ఆమె పేరు లేదు. ఇంటర్వ్యూకు ఎన్ని మార్కులు, ఆమెకు ఎన్ని వేశారు అని ఆఫీసులో అడిగితే "అవి చెప్పం మాస్టారూ" అన్నాడు గుమాస్తా. మర్యాదగానే అన్నాడు. నా తప్పు నా మీద వేసుకున్నాను గనుక ఇప్పుడు వాళ్ల తప్పు గురించి మాట్లాడతాను.

తండ్రి పేరూ ఊరి పేరూ అడిగి మనిషికి విలువ కట్టడం ఈ దేశంలో కొత్త విద్య కాదు. అర్జునుడితో తలపడతానని కర్ణుడు వస్తే కృపాచార్యుడు బాణం వేయమనలేదు, నీ వంశం చెప్పమన్నాడు. ఇదే సంగతి మన కాలంలో సుప్రీంకోర్టు దాకా పోయింది. శ్రీనగర్‌లో ఒక రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది, 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన మన వరంగల్ ఆర్‌ఈసీకి తోబుట్టువు. అక్కడ రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 పెట్టారు. ఒక్కో పిల్లవాణ్ణి రెండు మూడు నిమిషాలు కూచోబెట్టి తల్లిదండ్రులెవరు, ఏ ఊరు అని అడిగి పంపారని సీటు రాని విద్యార్థులు కోర్టుకెక్కారు. అజయ్ హాసియా కేసు అంటారు దాన్ని. 1980 నవంబరులో జస్టిస్ భగవతి తీర్పు రాశారు. మొత్తం మార్కుల్లో మూడోవంతు ఇంటర్వ్యూకు పెట్టడం అన్యాయం, 15 శాతం దాటొద్దు అన్నారు. లోపల జరిగేది టేపు రికార్డు చేస్తే మంచిదని కూడా అన్నారు. తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు ప్రతి జేబులో ఫోను ఉంది, రికార్డు చేయడానికి పైసా ఖర్చు లేదు. ఆ గదుల్లో మాత్రం ఎవరూ మీట నొక్కరు.

ఢిల్లీ ఎయిమ్స్ మీద 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ నివేదిక ఇచ్చింది. సీటు వచ్చి లోపలికి పోయిన ఎస్సీ, ఎస్టీ పిల్లలే, ప్రాక్టికల్స్‌లో, వైవాలో మా కులం ఆరా తీశారని చెప్పుకున్నారు. నోటితో అడిగి మార్కులు వేసే పరీక్ష ఎక్కడుంటే అక్కడ ఈ ఆరా ఉంటుంది.

ఇందులో ఒక తమాషా చూడండి. ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్వ్యూ లేదు. నీట్ ర్యాంకు, రిజర్వేషన్, కౌన్సెలింగ్, అంతే. అందుకే మన పిల్లలు కాకతీయ మెడికల్ కాలేజీ గేటు దాటి లోపలికి పోగలుగుతున్నారు. డాక్టరు సీటుకు అక్కరలేని ముఖపరీక్ష డాక్టరు అసిస్టెంటు సీటుకు ఎందుకు కావలసి వచ్చింది? కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి కొలువులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్-1కే ఎత్తేశారు. డిప్యూటీ కలెక్టరును మొహం చూడకుండా తీసుకోవచ్చు గాని, పద్దెనిమిదేళ్ల పిల్లకు డిగ్రీ సీటు ఇవ్వాలంటే ఇంటిపేరు తెలియాలన్నమాట!

ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్ పెట్టడానికి 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ దారి తెరిచింది. 2014లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. దేశమంతటికీ వర్తించే చట్టం మాత్రం రాలేదు. ఆ ఖాళీలో ఇంటర్వ్యూ కుర్చీ వేసుకొని కూచున్నది.

మావాడే ఒక మిత్రుడు నాతో వాదం పెట్టుకున్నాడు. రోగితో మాట్లాడే ఉద్యోగం గదా అన్నా, మాట తీరు చూడొద్దా అని. చూడాలె. నేను కాదనను. రోగి మీద విసుక్కునేటోడు తొంభై శాతం తెచ్చుకున్నా ఆ పనికి పనికిరాడు. కానీ ఎవరితో మాట్లాడే తీరు చూస్తున్నారు? ఏసీ గదిలో ముగ్గురు పెద్దమనుషులతో ఇంగ్లీషులో మాట్లాడే తీరు. ఎంజీఎం ఓపీ ముందు తెల్లారకముందే లైను కట్టేది వాళ్లు కాదు గదా. "కడుపుల దేవినట్టు అయితాంది", "కాళ్లు గుంజుతున్నయి", "పానం సుదరాయిస్తలేదు" అనే మాట విని అందులోంచి జబ్బును పట్టుకోవడం ఫిజీషియన్ అసిస్టెంటు పని. లంబాడీ ముసలమ్మ సగం తెలుగు, సగం తన భాషలో చెప్తుంటే ఓపిక పట్టడం ఆ పని. ఆ మాట తీరు చూడదలిస్తే తెలుగులో చూడాలె.

చూసే పద్ధతులు లేకపోలేదు. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్య కళాశాల వాళ్లు 2000 తర్వాత కొత్త పద్ధతి పెట్టారు. ఎనిమిదో పదో చిన్న గదులు. తలుపు మీద ఒక సందర్భం రాసి ఉంటుంది. రెండు నిమిషాలు చదువుకోవాలి, లోపలికి పోయి ఒక మనిషి ముందు మాట్లాడాలి. గంట కొట్టగానే తర్వాతి గది, అక్కడ వేరే మనిషి. ఒకరి మార్కులు ఒకరికి తెలియవు. ఒక్క గదిలో ఒకడు మొహం మాడ్చుకున్నా పిల్ల తలరాత అక్కడే ఆగిపోదు. అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ కాలేజీలు కొన్ని ఈ పద్ధతి తీసుకున్నాయి. అక్కడ కూడా వివక్ష పోయిందని నేను అనడం లేదు. ఒక్కడి చేతిలో ఉన్న కర్రను పదిమందికి పంచారు, అంత మాత్రం నయం.

అసలు ఈ వృత్తి పుట్టుక తెలిస్తే ఆ ముగ్గురు పెద్దమనుషులు తలదించుకోవాలె. అమెరికాలో నార్త్ కరోలినాలో గార్లాండ్ అనే చిన్న ఊరిలో ఏమోస్ జాన్సన్ అనే డాక్టరుండేవాడు. ఆయన దగ్గర హెన్రీ ట్రెడ్‌వెల్ అనే నల్లజాతి మనిషి సహాయకుడు. మెడికల్ కాలేజీ మొహం చూడనివాడు. కుట్లు వేయడం, రక్తం, మూత్రం పరీక్షలు చేయడం, డాక్టరు ఊర్లో లేనప్పుడు రోగులను కనిపెట్టుకోవడం అన్నీ చేసేవాడు. ఆ జంటను చూసి, ఇటువంటి మనుషులను తయారు చేయొచ్చు గదా అనుకున్నాడు డ్యూక్ యూనివర్సిటీ డాక్టరు యూజిన్ స్టెడ్. 1965లో నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో బడి పెట్టాడు. వాళ్ల అర్హత చేతిలో ఉన్న పని. ఇవాళ అమెరికాలో లక్షన్నర మందికి పైగా ఈ కొలువులో ఉన్నారు. పని నేర్చిన నల్ల చేతిని చూసి పుట్టిన చదువు మన దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు అడుగుతోంది.

అసిస్టెంటు అనే మాట మీద కూడా మనలో కొందరికి అభ్యంతరం ఉంది. కుర్చీ వాళ్లకు, స్టూలు మనకా అంటారు. సబబే. అమెరికాలో వివియన్ థామస్ కథ అదే. డాక్టరు కావాలనుకున్న నల్లవాడు, దాచుకున్న పైసలు బ్యాంకు దివాలాలో పోయాయి, ప్రయోగశాలలో చేరితే స్వీపరు జీతం రాశారు. 1944 నవంబరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో నీలం బారిన పసిబిడ్డ గుండె జబ్బుకు మొట్టమొదటి ఆపరేషన్ జరిగినప్పుడు సర్జన్ బ్లాలాక్ వెనక స్టూలు మీద నిలబడి ఎట్లా చేయాలో చెప్పింది ఆయనే. గౌరవ డాక్టరేటు 1976లో గాని ఇవ్వలేదు. అందుకని మన పిల్లలు డాక్టర్లే కావాలె, నేనూ అదే అంటాను. అయినా బడిలో నా ముందు కూచున్న నలభై మందిలో నీట్ కోచింగుకు లక్షలు కట్టగలిగే ఇల్లు ఒక్కటీ లేదు. వాళ్లకు ఈ దారి కూడా మూస్తామంటే ఊరుకోను.

కనుక అడుగుదాం. ఇంటర్వ్యూ పెట్టే ప్రతి ఆసుపత్రి కాలేజీ దానికి ఎన్ని మార్కులో ముందు చెప్పాలి, 15 శాతం దాటొద్దు. తండ్రి వృత్తి, ఇంటిపేరు, వాడ అడగొద్దు. పిల్ల తెలుగులో మాట్లాడతానంటే మాట్లాడనివ్వాలి. రికార్డు చేయాలి, మార్కులు గోడకు అంటించాలి. బోర్డులో మనవాళ్లు ఉండాలి. ఆరోగ్య విద్యకు యూనివర్సిటీ, కాళోజీ పేరు మీద, మన వరంగల్లోనే ఉంది. వినతిపత్రం పట్టుకొని పోవడానికి బస్సు ఛార్జీలు కూడా అక్కరలేదు. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎవరి పిల్లలైనా ఇటువంటి ఇంటర్వ్యూకు పోయి వస్తే ఏమడిగారో అదే రోజు కాగితం మీద రాయించి పంపండి. యాభై కాగితాలు పోగైతే అప్పుడు మాట్లాడే తీరు వేరుగా ఉంటది.

ఆ పిల్లకు వచ్చే నెల ఇంకో కాలేజీలో ఇంటర్వ్యూ ఉంది. ఈసారి నన్ను ఏమీ అడగలేదు. జవాబులు తనే లాంగ్ నోట్‌బుక్‌లో ఇంగ్లీషులో రాసుకొని మొన్న ఆదివారం తెచ్చి చూపించింది. మొదటి వాక్యం వాళ్ల అమ్మ ఆసుపత్రిలో చేసే పని గురించి. రెండు స్పెల్లింగులు దిద్ది ఇచ్చాను. తోడు అమ్మ వస్తదట.