యంత్రము ద్రవ్యమే గాని వైద్యుడు కాదు



భగవద్భక్తునికి మనోవ్యాధి ఏమిటి, జపం చాలదా, ఫోనులో అపరిచితునికి మనస్సు విప్పి చెప్పుకొనుట శ్రద్ధాలోపం కాదా అని కొందరు ఆస్తికులు ప్రశ్నిస్తున్నారు. నిద్రాహారములు మాని కుమిలిపోవుచున్న కుమారునికి రక్షాసూత్రం కట్టించి, వైద్యుని వద్దకు మాత్రం తీసుకొనిపోని గృహములు నేటికీ కలవు. ఈ వాదం భక్తివలె కనిపిస్తుంది. శాస్త్రం మాత్రం దీనిని సమర్థించదు.

చరకసంహిత సూత్రస్థానంలోని 11వ అధ్యాయం చికిత్సను మూడు విధములుగా చెప్పింది. మంత్రహోమాదులు దైవవ్యపాశ్రయం. ఆహారౌషధముల యోజన యుక్తివ్యపాశ్రయం. అహిత విషయముల నుండి మనస్సును మరల్చుట సత్త్వావజయం. మొదటిదానిని పట్టుకొని తక్కిన రెండింటిని త్రోసివేయుటకు అధికారం ఎవరిచ్చారు?

మనోదౌర్బల్యం విడిచి లెమ్మని శ్రీకృష్ణుడే మందలించాడు కదా అని వారు గీతను చూపుతారు. నిజమే. కాని ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. అంతకుముందు ప్రథమాధ్యాయంలో అతని విషాదమంతటినీ భగవానుడు అడ్డుపడక విన్నాడు. మందలింపు ఫలించనప్పుడు విసుగు చెందక 18వ అధ్యాయం దాకా బోధించాడు. తుదకు, అంతా విచారించి నీ ఇచ్చ వచ్చినట్లు చేయుమని నిర్ణయాన్ని అతనికే విడిచాడు. ఒక్క మందలింపును గ్రహించి, ఆ శ్రవణాన్నీ ఆ సహనాన్నీ విడిచిపెట్టుట గీతార్థం కాజాలదు.

అట్టి శ్రవణానికి నేడు ఒక సాధనం లభించింది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. శిక్షణ పొందిన సలహాదారులు వింటారు; అవసరమైతే మానసిక వైద్యునితో కలుపుతారు. వైద్యుడు లేని పల్లెలో, లోకనిందకు వెరచి ఎవరికీ చెప్పుకోలేని వానికి అర్ధరాత్రివేళ ఇది చిన్న ఉపకారం కాదు.

అయితే రెండవ అతివాదం కూడ కలదు. మాట్లాడే యంత్రం ఉండగా మనుష్యుడు ఎందుకని అది అడుగుతుంది. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే కంప్యూటరు ప్రోగ్రామును లోకానికి వెల్లడించాడు. అది వచ్చినవారి మాటలనే ప్రశ్నలుగా మార్చి తిరిగి పలికేది. అంతమాత్రానికే జనులు దానికి హృదయం ఉన్నదని భావించుట చూసి, దానిని నిర్మించినవాడే కలత చెందాడు.

వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి అని చికిత్సకు నాలుగు పాదములు. యంత్రం ఎంత నేర్పుగా పలికినా దాని స్థానం ద్రవ్యమే. ఆర్తులయెడ మైత్రీకారుణ్యములను చరకుడు వైద్యునికి విధించాడు. అనురాగాన్ని పరిచారకునికి విధించాడు. ద్రవ్యానికి విధించలేదు. కనుక కరుణ యంత్రంలో వెదకదగినది కాదు, దానిని ప్రయోగించువానిలో ఉండవలసినది.

ఆలయంలో కన్నీరు పెట్టుకొన్నవానికి తీర్థంతోపాటు ఆ సంఖ్యను కూడ ఇవ్వవలెను. ఇచ్చి చేతులు దులుపుకొనక, అతడు మాట్లాడి ముగించేవరకు ప్రక్కన కూర్చుండవలెను. పరిచారకధర్మం అదియే.

శివమస్తు.