వైద్య పరిశోధనకు విరాళాలు - స్థిర నిధి ఆవశ్యకత

నాయుడుపేట: వైద్య పరిశోధన నిమిత్తం ఏర్పాటుచేసే విరాళాల విందు ఒక్క సాయంత్రంతో ముగుస్తుంది. పరిశోధన మాత్రం ఏళ్ల తరబడి సాగవలసి ఉంటుంది. ఈ వ్యత్యాసాన్ని దాతలు గుర్తించవలసిన అవసరం ఉన్నది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ చికిత్స, ఉన్నత పరిశోధన సంస్థకు 2018 ఆగస్టు 31న శంకుస్థాపన జరిగింది. తిరుమల తిరుపతి దేవస్థానములు స్థలం సమకూర్చగా, టాటా ట్రస్టులు నిర్మాణ బాధ్యత వహించాయి. 2022 మే 5న సంస్థ ప్రారంభమైనది. అంతకు నెల ముందే, ఏప్రిల్ 4న, నాయుడుపేట నెల్లూరు నుండి తిరుపతి జిల్లాలో చేరడం గమనార్హం. తద్వారా ఈ ప్రాంత రోగులకు జిల్లా కేంద్రంలోనే ఈ సంస్థ అందుబాటులోకి వచ్చింది.

అయితే చికిత్స ముగిసిన పిదప కూడా రోగుల స్థితిగతులను క్రమం తప్పక నమోదు చేసినప్పుడే పరిశోధనకు ఆధారం ఏర్పడుతుంది. భవనాలకు దాతల పేరిట శిలాఫలకాలు వెలుస్తాయి. నమోదు సిబ్బంది జీతాలకు ముందుకు వచ్చేవారు అరుదు. విరాళాలలో కొంత మూలధనంగా నిలిపి, వడ్డీని ఇందుకు వినియోగించడం శ్రేయస్కరం.