లెక్క ఎవరి చేతిలో?

ఇంటి ఖర్చుల లెక్క ఆడవాళ్లకు కొత్త కాదు. పాలవాడి లెక్క కేలెండరు మీద, పచారీ కొట్టు బాకీ పిల్లల నోటు పుస్తకం చివరి పేజీలో, చిట్టీ వాయిదా మనసులో. మన తల్లులు సంసారాలను నడిపింది ఇలాగే. ఇప్పుడు ఆ పని చేసిపెడతామంటూ ఫోనులోకి యాప్‌లు వచ్చాయి. బ్యాంకు సందేశాలు చదివి తిండికెంత, బట్టలకెంత, మందులకెంత అని విడదీసి చూపిస్తాయి. మంచిదే. కానీ ఈ మధ్య తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో స్త్రీలతో మాట్లాడినప్పుడు నాకు ఎదురైన ప్రశ్న వేరు. లెక్క ఎంత కచ్చితంగా ఉందన్నది కాదు, అది ఎవరి చేతిలో ఉందన్నది.

తెనాలిలో ఒక ప్రైవేటు బడి టీచరుని కలిశాను. జీతం ఆమె పేరిట ఉన్న ఖాతాలోనే పడుతుంది. అయితే ఖాతా తెరిచిన రోజు ఇచ్చిన ఫోను నంబరు భర్తది. సందేశాలన్నీ అతనికే వెళతాయి. ఖర్చులు చూపే యాప్ కూడా అతని ఫోనులోనే ఉంది. "నెలాఖరున నన్ను కూర్చోబెట్టి చూపిస్తారండీ. మీ అమ్మకు పంపిన అయిదు వందలు ఇదిగో అంటారు. ఆయన ఖాతా మాత్రం నాకెప్పుడూ చూపించలేదు" అందామె. ఒకప్పుడు కూర తెచ్చిన చిల్లరకు మామగారు అడిగిన లెక్కే ఇది. అడిగే సాధనం మాత్రం మారింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్నవారు 78.6 శాతం. తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవారు 53.9 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న స్త్రీల సంగతి ఆలోచించండి. ఖాతా ఆమెది, దాని మీద చూపు మరొకరిది. పాస్‌బుక్ మీద పేరున్నంత మాత్రాన డబ్బు మీద అధికారం వచ్చినట్టేనా?

రేపల్లె వైపు రొయ్యలు ఒలిచే పనికి వెళ్లే ఒకామె కూలి చేతికే తీసుకుంటుంది. చేబదుళ్లు, నూటికి మూడు రూపాయల వడ్డీ, కూతురి బస్సు ఖర్చు, అన్నీ కూతురి పాత నోటు పుస్తకంలో ఉన్నాయి. బ్యాంకు సందేశాలే ఆధారంగా నడిచే యాప్‌కు ఈ జీవితం కనిపించదు. ఆమె పొద్దున్నే వండి, నీళ్లు పట్టి, ముసలి అత్తకు స్నానం చేయించి పనికి వెళ్లడం అసలే కనిపించదు. 2024 కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఈ శ్రమను ఏ పద్దులో రాస్తారు? ఇది రాయని లెక్కలో స్త్రీ ఎప్పుడూ ఖర్చు పెట్టే మనిషిగానే మిగిలిపోతుంది.

నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. లెక్క తెలిస్తే స్త్రీకి ఎంత బలం వస్తుందో మన జిల్లాల పొదుపు సంఘాలే చూపించాయి. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో అనుసంధానించడం మొదలుపెట్టింది. సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాల్లో క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసుతో పాటు పుస్తక నిర్వహణ కూడా ఉంది. చదువురాని స్త్రీ కూడా సమావేశంలో పుస్తకం పైకి చదివించుకుని, తన బాకీ తప్పు పడితే అక్కడే నిలదీసేది. బాపట్ల దగ్గరి ఒక పల్లెలో సంఘం లీడరు నాతో అన్న మాట ఇది: "ఇప్పుడు యానిమేటరు ఫోనులో ఎక్కిస్తుందమ్మా. ఏం ఎక్కించిందో మాకెవరూ చదివి వినిపించరు." జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ తెచ్చిన లోకోస్ యాప్‌లో సంఘాల లావాదేవీలు నమోదవుతున్నాయి. నమోదు కావడం తప్పు కాదు. నమోదైనది సభ్యురాలికి వినిపించకపోతే అది ఆమె లెక్క కాదు, ఆమె మీద ఎవరో రాసుకున్న లెక్క.

మరో ప్రమాదం కూడా ఉంది. ఖర్చు చూపిస్తామంటూ వచ్చి, అప్పిస్తామనే యాప్‌లు కొన్ని. ఫోనులోని నంబర్లు లాగి బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసిన అప్పుల యాప్‌ల వేధింపులకు 2020లో తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చే యాప్‌లు ఫోనులోని నంబర్లనూ ఫోటోలనూ చూడకూడదని ఆదేశించింది. అనుమతి అడిగినప్పుడల్లా ‘సరే’ నొక్కే ముందు ఆగి, ఎందుకని అడగడం మనకు అలవాటు కావాలి.

లెక్క అవసరం కోర్టు దాకా వస్తుంది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజ్‌నేష్, నేహా కేసు తీర్పులో, మనోవర్తి కోరే భార్యా, ఇవ్వాల్సిన భర్తా ఇద్దరూ తమ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పులు ప్రమాణ పత్రంలో వెల్లడించాలని చెప్పింది. ఇల్లు వదిలి వచ్చిన స్త్రీని లాయరు మొదట అడిగేది "నెలకు నీకెంత ఖర్చు? అతనికెంత వస్తుంది?" అనే. చాలామంది దగ్గర జవాబు ఉండదు. జీవితమంతా ఆ ఇంటి లెక్కలు మోసినవాళ్లే, రుజువు లేక నిలబడిపోతారు.

కాబట్టి మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్యాంకుకు వెళ్లి ఖాతాకు మన సొంత నంబరు చేర్పించుకోవాలి. రహస్య సంఖ్య భర్తకైనా, కొడుక్కైనా చెప్పకూడదు. యాప్‌తో పాటు నోటు పుస్తకం ఒకటి, మన అందుబాటులో ఉండే చోట దాచుకోవాలి. ఫోను లాక్కున్నా పుస్తకం మిగులుతుంది. సంఘంలో ఫోనులో ఎక్కించిన ప్రతి అంకె సమావేశంలో పైకి చదవాలని పట్టుబట్టాలి. ఇంట్లో లెక్క చూడాలంటే ఇద్దరి లెక్కా ఒకే పేజీలో ఉండాలని అడగాలి.

తెనాలి టీచరు పోయిన నెల బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పించుకుంది. ఇంట్లో గొడవ జరిగింది, ఇంకా జరుగుతోంది. "జీతం పడిందని సందేశం మొదటిసారి నాకొచ్చింది మేడమ్" అని ఫోను చేసి చెప్పింది. ఆ గొడవలో ఆమె ఒంటరి కాకుండా చూడడం మన బాధ్యత.