చింతచెట్టు కింద సఫారీ

సంక్రాంతికి ఇంటికొచ్చిన మా మేనల్లుడు భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని ఫోన్ తెరిచాడు. అందులో ఒక సింహం, దాని వెనక ఎర్రటి సాయంత్రం. "మావయ్యా, వేసవిలో సౌతాఫ్రికా సఫారీకి వెళ్దామనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు మనిషికి లక్షల్లో చెప్తున్నారు. మేమే కారు అద్దెకి తీసుకుని తిరిగితే అవదేటి?" అన్నాడు.

అవుతుంది. నేను ఆ దేశం వెళ్లలేదు గానీ ఆ అడవుల గురించి ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాను. తెలిసినంతవరకు ఆ రాత్రే కూర్చోబెట్టి చెప్పాను. క్రూగర్ జాతీయ పార్కు ఆ పేరుతో ఏర్పడింది 1926లో. మరుసటి ఏడాదే మొదటి మూడు కార్లను లోపలికి వదిలారు. సొంత కారులో, సొంత ఖర్చుతో, తన ఇష్టమొచ్చిన చోట ఆగుతూ అడవి చూసే పద్ధతి అక్కడ వందేళ్ల నాటిది. జొహానెస్‌బర్గ్‌లో మామూలు చిన్న కారు తీసుకుంటే సరిపోతుంది. పార్కులో ముఖ్యమైన దారులన్నీ తారు రోడ్లే. మనలాగే ఎడమపక్కన నడపాలి. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. తెల్లారగానే గేటు తెరుస్తారు, పొద్దుగూకేలోగా విడిదికి చేరిపోవాలి. ఆ విడిదుల్లో గుడిసెల్లాంటి గదులుంటాయి. గుడారం వేసుకునే జాగా, వండుకోడానికి పొయ్యి ఉంటాయి. అందుకే హోటలు ఖర్చు, భోజనం ఖర్చు సగానికి సగం పడిపోతాయి. కాకపోతే గదులు నెలల ముందే పట్టుకోవాలి. మే నుంచి సెప్టెంబరు దాకా వాళ్లకి చలికాలం, వానలుండవు. గడ్డి ఎండిపోయి, జంతువులు నీటిగుంటల దగ్గరికి వచ్చేది అప్పుడే. వెళ్లేముందు డాక్టరుని అడిగి మలేరియా మాత్రలు తీసుకోవాలి. పక్కనున్న నమీబియాలోని ఎటోషా పార్కులో కూడా ఇదే పద్ధతి. అక్కడ విడిది పక్కనే ఉన్న నీటిగుంటకి రాత్రిపూట దీపం పెడతారు. బల్ల మీద కూర్చుని చూస్తుంటే ఏనుగులు, ఖడ్గమృగాలు వచ్చి నీళ్లు తాగి వెళ్తాయి. నమీబియా రోడ్లు ఎక్కువగా కంకర దారులు, అదనపు టైర్లు రెండు ఉండాలి.

వాడు రాసుకున్నాడు. నేను ఇంకో మాట కూడా చెప్పాను. ఆ దేశం మన తెలుగువాళ్లకి కొత్తది కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకి చేరింది. చెరకు తోటల్లో కూలికి కట్టుబడి వెళ్లిన మొదటి మనుషులు అందులో ఉన్నారు. 1911 దాకా ఆ ఓడలు నడిచాయి. అలా వెళ్లినవాళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల మనుషులు చాలామంది. మన టెక్కలి అప్పట్లో గంజాం జిల్లాలోదే. వాళ్ల పిల్లలు 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగుని కాపాడుకున్నారు. అంత దూరం వెళ్తే, సింహాన్ని చూసొచ్చిన మర్నాడు ఒక రోజు డర్బన్‌కి కూడా పెట్టుకోమని వాడికి చెప్పాను.

ఆఖర్న అడిగాను. "తేలినీలాపురం చూశావురా?"

చూడలేదు. పుట్టింది నందిగాంలో, చదివింది టెక్కలిలో. ఇల్లు దాటితే జాతీయ రహదారి, ఆ రహదారి మీద నుంచి మలుపు తిరిగితే పిట్టల ఊరు. వాడి తరంలో చాలామంది చూడలేదు. అది వాళ్ల తప్పు అనను. సఫారీ అంటే డబ్బున్నవాళ్ల సరదా అని, ఆఫ్రికాలోనే ఉంటుందని వాళ్లకి ఎవరో నేర్పారు. ఆ మాటకి మూలం అరబీలోని సఫర్, అంటే ప్రయాణం. అంతకు మించి అందులో ఏమీ లేదు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి బండి తీశాం. మంచు దట్టంగా ఉంది. టెక్కలి దాటి నౌపడ దారి పట్టేసరికి తూరుపు తెల్లబడుతోంది. ఊళ్లోకి వెళ్లకముందే వాసన తగిలింది. చేపల వాసన, రెట్ట వాసన కలిసిన ఘాటు. వాడు ముక్కు మూసుకున్నాడు. ఆ వాసన వస్తోందంటే ఏడాది బాగుందని అర్థం, ముక్కు వదిలెయ్ అన్నాను.

ఇళ్ల మధ్య చింతచెట్లు. ప్రతి కొమ్మ మీదా పుల్లల గూళ్లు, గూటి నిండా గూడబాతులు. మనం పేపర్లలో పెలికాన్లు అని రాసేవి ఇవే. పక్క చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు. పసుపుపచ్చని ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. పెద్ద కొంగలకి గొంతు లేదు. ముక్కు రెండు భాగాల్నీ టకటకా కొట్టుకుని మాట్లాడుకుంటాయి. గోల అంతా పిల్లలది. ఒక గూడబాతు నౌపడ వైపు నుంచి వచ్చి గూటి అంచున వాలింది. దాని పిల్ల అప్పటికే తల్లిలో సగం ఉంది, ఒంటి మీద ఇంకా తెల్లటి నూగు. అది తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. మెడ దాకా లోపలికి పోయింది. తల్లి రెక్కలు సగం విప్పి కూలబడకుండా ఆపుకుంటోంది. సంచి లోపల పిల్ల ముక్కు కదలడం బయటికి కనిపిస్తోంది. అరనిమిషం తర్వాత పిల్ల తల బయటికి తీసింది. ఒక చేప జారి కింద వాకిట్లో పడింది.

ఆ వాకిలి ఊడుస్తున్న ముసలామె ఆ చేపని చీపురుతో పక్కకి నెట్టి మా వైపు చూసింది. "బేగి రావాల్సింది బాబూ, పెద్ద పిట్టలన్నీ చీకట్లోనే లేచి ఎలిపోయాయి" అంది. ఇంటి ముందు ఇంత రెట్ట, ఇంత గోల, కోపం రాదా అని మావాడు అడిగాడు. "అయ్యి రాని ఏడు వానల్లేవు. రాకపోతేనే మాకు బెంగ" అంది ఆమె. నీళ్ల బిందె మీద మూత సరిచేసుకుని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

ఊరి నిండా ఈ పిట్టలు సైబీరియా నుంచి వస్తాయన్న మాటే వినిపిస్తుంది. కానీ ఈ జాతి గూడబాతు గూడు కట్టి పిల్లల్ని కనేది మన దేశంలో, శ్రీలంకలో, ఆగ్నేయాసియాలో కొన్ని చోట్ల మాత్రమే. ఇది మన పిట్ట. ప్రపంచంలో మరెక్కడా దానికి పుట్టిల్లు లేదు. అంతర్జాతీయ సంస్థలు ఇది ముప్పుకు దగ్గరగా ఉన్న జాతి అని చెప్తున్నాయి. చలి దేశాల నుంచి నిజంగా వచ్చేవి నౌపడ ఉప్పుమళ్లలో బురద మీద పరుగులు తీసే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు. అరచేతిలో పట్టే ప్రాణం, వేల కిలోమీటర్లు ఎగిరి వస్తుంది. పెద్ద పిట్టకి దూరదేశం అంటగట్టి, నిజంగా దూరం నుంచి వచ్చిన చిన్న పిట్టని మనం పట్టించుకోవడం లేదు. తేలినీలాపురం వెళ్లినవాళ్లు ఒక గంట ఉప్పుమళ్ల దగ్గర కూడా కూర్చోండి.

ఈ పిట్టలు చింతచెట్ల కోసం రావు. చుట్టూ ఉన్న తంపర అనే చిత్తడి నేలల నీళ్ల కోసం, ఆ నీళ్లలో చేపల కోసం వస్తాయి. ఆ నీళ్లు ఇంకా మిగిలాయంటే దానికి మనుషులు చెల్లించిన ధర ఉంది. థర్మల్ కేంద్రాలకి బీల, తంపర భూములిస్తామంటే ఊళ్లు ఎదురు తిరిగాయి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. నేలని వట్టి చిత్తడి అని కాగితాల్లో రాసినవాళ్లకి, ఆ చిత్తడిలో చేప పట్టుకుని బతికే మనిషీ ఆ చేప తినే పిట్టా కనపడలేదు. టికెట్ కొని పిట్టల్ని చూసే ప్రతివాళ్లకీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

ఆ పూట మా ఇద్దరికీ పెట్రోలు, టిఫిను, టీ కలిపి మూడొందలు దాటలేదు.

రెండు రోజులు చేతిలో ఉన్నవాళ్లకి ఇదే ప్రయాణం ఇంకా పెరుగుతుంది. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్లు పలాస రైలు ఎక్కండి. టెక్కలిలో గానీ కాశీబుగ్గలో గానీ లాడ్జి దొరుకుతుంది. మొదటి రోజు తెల్లవారుజామున ఒకసారి, పిట్టలు తిరిగొచ్చే సాయంత్రం ఒకసారి తేలినీలాపురం. మధ్యాహ్నం ఎండలో ఏమీ కనిపించదు, పడుకోండి. క్రూగర్‌లో కూడా అనుభవం ఉన్నవాళ్లు చేసేది అదే. రెండో రోజు రహదారి వదిలేసి ఉద్దానం లోపలి దారుల్లో వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మీదుగా బారువ దాకా వెళ్లండి. జీడితోటలు పూతకొచ్చే కాలం ఇది. కొబ్బరితోటల్లో చెట్ల ఎత్తు గమనించండి. పొట్టిగా, ఒకే ఈడువి కనిపించిన చోట 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చేసిన తోట ఉండేదని అర్థం. పడమటి వైపు చూపు తిప్పితే 1501 మీటర్ల మహేంద్రగిరి. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ ఎక్కాలంటే ఒడిశా వైపు దారి, దానికి ఇంకో రోజు కావాలి.

బారువ ఇసుక మీద ఈ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో నూరుకి పైగా. ఏడెనిమిది వారాలకి పిల్లలు బయటపడతాయి. చీకట్లో సముద్రం మీది వెలుగు చూసి అటు నడుస్తాయి. ఒడ్డున మనం టార్చి వేస్తే దారి తప్పి మన వైపు నడిచి చచ్చిపోతాయి. కాబట్టి తాబేలు కోసం రాత్రి ఒడ్డు మీద తిరగకండి. అటవీశాఖవాళ్లు గుడ్లు ఏరి భద్రం చేసిన చోట, పిల్లల్ని వదిలే పూట ముందే కనుక్కుని వెళ్లండి.

ఎలుగుబంటి గురించి మావాడు అడిగాడు. ఉద్దానంలో ఎలుగు కనిపిస్తుందట కదా, వెళ్దామా అని. వద్దన్నాను. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో తోటకి వెళ్లిన రైతుని ఎలుగు చంపింది, మరికొందరిని గాయపరిచింది. పట్టుబడ్డ ఆ ఎలుగూ బతకలేదు. గుట్టల మీద నీళ్లు, తిండి తగ్గితే అది జీడిపండు కోసం, పనసపండు కోసం తోటలోకి దిగుతుంది. తోటలో మన అక్కచెల్లెళ్లు జీడిపిక్కలు ఏరుతుంటారు. ఆ భయంతో బతికేవాళ్ల ఊళ్లోకి ఫొటో కోసం వెళ్లడం నాకు సమ్మతం కాదు. క్రూగర్‌లో కారు దిగొద్దన్న రూలు ఎంత గట్టిదో, ఉద్దానంలో ఎలుగు వెంట పడొద్దన్నది అంత గట్టి రూలుగా మనమే పెట్టుకోవాలి.

ఆఫ్రికా సఫారీ సామాన్యుడికి అందుబాటులో ఉండడానికి సింహాలు కారణం కాదు. ఏ గేటు ఎన్నింటికి తెరుస్తారో, రుసుము ఎంతో, గది ఖాళీ ఉందో లేదో ఇంట్లో కూర్చున్న మనిషికి తెలుస్తుంది. ఆ దేశస్థుల దగ్గర తక్కువ, బయటివాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటారు. శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుంది. ఇవి మన దగ్గర కష్టం కాదు. నౌపడ స్టేషనులో, టెక్కలి బస్టాండులో ఒక్కో బోర్డు కావాలి. ఈ వారం పిట్టలు ఎన్ని ఉన్నాయో, ఏ వేళకి వెళ్లాలో, ఆటోకి ఎంత అవుతుందో దాని మీద రాస్తే చాలు. చెట్ల కింద అరుపులు, డ్రోన్లు వద్దని గట్టిగా చెప్పే మనిషి ఒకరు కావాలి. ఆ ఊరి ఆడవాళ్లు చోడి అంబలి, టిఫిను అమ్ముకోడానికి ఒక పాక కావాలి. గూళ్లని కాచుకుంటున్నది వాళ్లు. వచ్చే రూపాయిలో మొదటి వాటా వాళ్లకి దక్కాలి. తక్కువ ఖర్చు ప్రయాణం అంటే ఆటో అబ్బాయి దగ్గర ఇరవై రూపాయలు బేరమాడడం కాదు. ఆ ఇరవై అతనికిచ్చి, ఇంకో పూట ఎక్కువ ఉండి చూడడం.

మావాడు తిరిగి వెళ్లేముందు సౌతాఫ్రికా గదుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. వెళ్లనీ, వెళ్లాలి కూడా. పొద్దున్నే లేవడం, నోరు మూసుకుని కూర్చోవడం, పిట్ట తనంతట తాను కదిలేదాకా ఆగడం తేలినీలాపురంలో ఒక పూట నేర్చుకున్నాడు. ఆ మూడూ క్రూగర్‌లో వాడికి అక్కరకొస్తాయి.

ఇప్పుడు గూళ్లలో పిల్లలున్నాయి. మార్చి దాటితే అవి ఎగిరిపోతాయి. జిల్లాలో ఉన్నవాళ్లు ఏదో ఒక ఆదివారం తెల్లవారేలోగా చేరుకోండి, మీ పిల్లల్ని కూడా లేపి తీసుకెళ్లండి.